దేముడమ్మ గంజి నీళ్ళు

నరసన్నపేటలో హైవే దిగి మా వీధిలోకి తిరిగే మూలన నరసింగరావు గారి ఖాళీ స్థలం ఉండేది. తుమ్మకంప, విరిగిన పెంకులు, పందులు. ఎనిమిదేళ్ళుగా ఎవరూ కొనలేదు. భర్త పోయి నిలవనీడ లేకుండా అయిన దేముడమ్మను ఆయనే అందులోని రేకుల షెడ్డులో పెట్టారు.

"జాగా అమ్ముడయిన వరకూ ఉండవే. అద్దె నాకేటీ ఒద్దు. ఎవులూ ఆక్రమించకుండా సూసుకో, సాలు" అన్నారు.

ఇన్నేళ్ళూ అమ్ముడవనిది ఇప్పుడేం అవుతుందిలే అని ఆమె ధైర్యం. తల దాచుకునే చోటు దొరికిందని శ్రీకూర్మం వెళ్ళి స్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఊరికే కూర్చోవడం ఆమెకు తెలీదు. నాట్ల కూలికి వెళ్ళొచ్చాక కంప నరికేది. పడగొట్టిన ఇళ్ళ దగ్గర పెంకులు ఏరుకొచ్చి దారికి అటూ ఇటూ వరసగా పాతింది. కాలువ పూడిక తట్టలతో మోసి మళ్ళు కట్టింది. మా వైపు మొక్క అడిగితే లేదనరు. మా పక్కింటి దుర్గాభవాని నందివర్ధనం కొమ్మ ఇచ్చింది, నేను కనకాంబరం నారు ఇచ్చాను. కొళాయి రాని రోజుల్లో అన్నం వార్చిన గంజి చల్లార్చి, వేలు ముంచి చూసుకుని మరీ మొదళ్ళలో పోసేది.

"పసిపిల్లకి పాలు సూసినట్టు సూస్తన్నావేటే" అనేదాన్ని.

"వేడి తగిల్తే ఏరు సచ్చిపోతాది వదినా."

రెండేళ్ళకు బస్సులో పోయేవాళ్ళు కూడా తల తిప్పి చూసేవారు. శ్రీకాకుళం నుంచి వస్తున్న తిరుమలరావు, రాజకుమారి దంపతులు ఒక రోజు కారాపి దిగారు. దేముడమ్మ మురిసిపోయి రాజకుమారికి దోసెడు కనకాంబరాలు కోసిచ్చింది. "ఎవరిదమ్మా ఈ స్థలం?" అని వాళ్ళడిగితే నరసింగరావు గారి ఇల్లు తనే చేయి చాచి చూపించింది.

నెలలోపే రిజిస్ట్రేషన్ అయిపోయింది. నరసింగరావు గారు ఖాజాల పొట్లం పట్టుకొచ్చారు.

"నీ సెయ్యి మంచిదే. ఎనిమిదేళ్ళు బ్రోకర్లు సెయ్యలేని పని సేసావు."

"మరి నేనెక్కడికెల్లాల బాబూ?"

"టెక్కలి రోడ్డు కాడ ఇంకో జాగా ఉన్నాది. అదీ ఇలాగ కంపే. అక్కడుండు. మొక్కలెయ్యి."

కొన్నవాళ్ళకు తోట అక్కరలేదు. పొద్దున్న జేసీబీ వచ్చింది, మధ్యాహ్నానికి నేల చదునైంది. దుర్గాభవాని మాత్రం ముందురోజే వెళ్ళి నందివర్ధనాన్ని తవ్వి తెచ్చుకుంది. "నానిచ్చిందే కదేటి" అంది, దేముడమ్మ చూస్తుండగానే.

కార్తీకంలో తడిగుడ్డలో కనకాంబరం నారు చుట్టుకుని టెక్కలి రోడ్డుకు వెళ్ళాను. షెడ్డు చుట్టూ నడుమెత్తు కంప. దేముడమ్మ దాని మీద కత్తే వెయ్యలేదు. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉన్న ఒక్క పీటా నాకే వాల్చింది. నారు అందుకుని కళ్ళకద్దుకుంది గానీ పాతలేదు. నేనే గుమ్మం పక్కన కాస్త చోటు చేసి పాతాను.

"ఇయ్యి పూస్తే మళ్ళీ ఎవులో కారాపుతారు వదినా" అంది మెల్లగా.

పొయ్యి మీంచి గిన్నె దించి అన్నం వార్చింది. పొగలు కక్కుతున్న గంజిని, వేలు ముంచకుండా, తీసుకెళ్ళి ఆ నారు మొదట్లో పోసింది.

తర్వాత వచ్చి నాకు అన్నం వడ్డించింది.