మా నొప్పులకు మరాఠీ చెప్పిన మామ

పోయిన నెల ఒక మధ్యాహ్నం నేను బడిలో పాఠం చెబుతుండగా అమ్మ ఫోన్ చేసింది. భోకర్ దగ్గరి మా ఊరి నుంచి బస్సెక్కి నేనుండే నాందేడ్ వచ్చి, మోకాళ్లు చూపించుకుందామని నేరుగా ఎముకల డాక్టరు దవాఖానాకు పోయిందట.

"తమ్ముడు పోయిండంట బిడ్డా. మొన్న పొద్దుగాల గుండె ఆగిందంట. నేను లోపలికి పోలే. బయట బల్ల మీదనే కూసున్న."

తమ్ముడంటే అమ్మకు తోడబుట్టినవాడు కాదు. ఆ దవాఖానాలో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న కాంపౌండరు. అమ్మకు తమ్ముడు కాబట్టి నాకు మామ. నేను సెలవు చెప్పి వెళ్లేసరికి అమ్మ ఇంకా ఆ బల్ల మీదే ఉంది. చీటీ కూడా తీసుకోలేదు.

డాక్టరు మంచివాడు, కానీ మరాఠీ తప్ప మా మాట తెలియదు. అమ్మకు మరాఠీ రాదని కాదు. పత్తి అమ్మడానికి, భూమి కాగితాల కోసం తలాఠీ ఆఫీసులో మాట్లాడడానికి సరిపడా వచ్చు. నొప్పి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె నోట తెలుగే వచ్చేది. కొన్నేళ్ల కిందట నేను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు, సరిగ్గా ఏమవుతోందని డాక్టరు "నేమ్కం కాయ్ హోతంయ్?" అని అడిగితే, "దుఖ్తంయ్" అని ఒక్క మాట అని ఊరుకుంది. నొప్పి అనడం తప్ప ఎలాంటి నొప్పో చెప్పలేకపోయింది.

అప్పుడు మామ ముందుకొచ్చాడు. పొట్టి మనిషి. కింద కూర్చుని, అరచేతులు రెండూ రుద్ది వెచ్చచేసుకుని, అమ్మ మోకాలి మీద పెట్టాడు. ఎవరి ఒంటి మీద చెయ్యి వేసినా ముందు అలా రుద్దుకోవడం ఆయన అలవాటు.

"అక్కా, సలుపుతుందా, గుంజుతుందా, పొడిసినట్టయితుందా?"

అమ్మ ముఖం విప్పారింది. "మెట్లు దిగుతుంటె పొడుస్తది తమ్మీ. పండుకుంటె సలుపుతది."

మామ డాక్టరు వైపు తిరిగి దాన్నంతా మరాఠీలో చెప్పాడు. సలుపుడుకు ఒక మాట, పోటుకు ఒక మాట, తిమ్మిరికి ఒక మాట. ఆయనది కూడా మాలాగే తెలంగాణ సరిహద్దు ఊరే. చదివింది మరాఠీ బడి కాబట్టి తెలుగు రాయడం రాదు. రోగుల పేర్లు రాసే రిజిస్టరు వెనక పేజీల్లో మా నొప్పుల మాటలను మరాఠీ అక్షరాల్లో రాసిపెట్టుకున్నాడు. కిన్వట్ వైపు వాళ్లు ఒకలా అంటారు, బిలోలి వైపు వాళ్లు ఇంకోలా అంటారు. కొత్త మాట దొరికితే దాన్ని చేర్చేవాడు. "నొప్పికి పేరు దొరికితె సగం భయం పోతది బిడ్డా" అనేవాడు నాతో.

ఆ రోజు అమ్మ మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. సూది దిగుతున్నంతసేపూ మామ ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. తర్వాత తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, ఎలా నొక్కాలో చూపించాడు. "సూది నొప్పిని తీస్కపోదు అక్కా. జర దూరం కూసోబెడ్తది. అది మళ్ల లేచి అచ్చేలోపల నువ్వు కాళ్లకు బలం తెచ్చుకోవాలె."

అమ్మ మొదటి మాట విన్నది, రెండోది వినలేదు. మూడు నెలలు హాయిగా చేనుకు పోయి వచ్చింది. తువ్వాలు దండెం మీదే ఉంది. నొప్పి తిరిగి వచ్చింది.

ఇంకొన్ని నెలలకు మళ్లీ దవాఖానాకు వచ్చినప్పుడు ట్రేలో సూది సిద్ధంగా ఉంది. డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. మామ అమ్మను చూసి ఆగిపోయాడు.

"అక్కా, మొఖం గిట్ల గుండ్రంగ ఉబ్బిందేంది? చేతుల మీద గీ నల్లమచ్చలేంది?"

అమ్మ గొంతు తగ్గించింది. "మా ఊరికి ఒకాయన బండి మీద అస్తడు. పదిహేను దినాలకొక సూది ఏస్తడు. ఏసుకున్ననాడు గుర్రమోలె నడుస్త. డాక్టరుకు చెప్పకు తమ్మీ, తిడ్తడు."

నాకు మరాఠీ వచ్చు. పిల్లలకు ఆ భాషలోనే పాఠాలు చెబుతాను. నేనే చెప్పగలిగేదాన్ని. అమ్మ ముఖం చూసి నోరు మెదపలేదు. మామ ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, ఒక్క మాట కూడా మింగకుండా అంతా చెప్పేశాడు.

డాక్టరు సూది పక్కన పెట్టాడు. రక్తం పరీక్ష చేయిస్తే షుగరు ఎక్కడికో పోయి ఉంది. ఊళ్లో ఆయన వేస్తున్నదీ స్టెరాయిడేనని, ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనని, మాత్రలతో మెల్లమెల్లగా తగ్గించాలని డాక్టరు చెప్పాడు. మామ ఆ మాటలన్నీ తెలుగులో చెబుతుంటే అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

బయటికొచ్చాక అంది, "నమ్మి చెప్తె నా ముచ్చట అంగట్ల పెట్టినవ్."

"నీ మాట దాచుడు నాకు పెద్ద పని కాదక్కా. నీకేమన్న అయితె నేనెవరికి చెప్పుకోవాలె?"

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆ నెలలన్నీ అమ్మను నా దగ్గరే పెట్టుకున్నాను. మామ ప్రతి సోమవారం నాకు ఫోన్ చేసేవాడు. "అక్క గోళీలు మింగుతుందా? తువ్వాల నొక్కుతుందా?" నేను స్పీకరు పెట్టేదాన్ని. అమ్మ ముఖం తిప్పుకునేది గాని లేచి వెళ్లేది కాదు. ఒక సోమవారం వంటింట్లోంచి కేక వేసింది: "నొక్కుతున్ననని చెప్పు వానికి!"

అవతల మామ చాలాసేపు నవ్వాడు. షుగరు అదుపులోకి వచ్చాక డాక్టరు మళ్లీ ఒక సూది ఇచ్చాడు. అప్పటికి అమ్మ కాళ్లలో కొంత బలం వచ్చింది. ఆ తర్వాత ఏడాది దాటినా ఇంకో సూది అవసరం పడలేదు.

రోగులను ఆటోల్లోంచి ఎత్తి దింపి దింపి మామ నడుము పాడైంది. డాక్టరు ఆయనను పరీక్ష చేస్తున్న రోజు మేమూ ఆ గదిలోనే ఉన్నాం. "నేమ్కం కాయ్ హోతంయ్?" అని అడిగాడు డాక్టరు. మామ నోరు తెరిచాడు. "నడుం కాడికెల్లి మడిమె దాక, కాల్చిన తీగ పెట్టి గుంజినట్టయితుంది సార్." తెలుగులో అన్నానన్న సంగతి ఆయనకు తెలియనే లేదు. డాక్టరు నా వైపు చూశాడు. ఈసారి నేను చెప్పాను. అమ్మ లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

వెన్నులో ఇచ్చిన ఇంజెక్షనుతో ఆయనకు కొంత నయమైంది. "సగం పోయింది, సగం తోడుంది" అంటూ బెల్టు పెట్టుకుని పనికొచ్చాడు. ఎందరి మోకాళ్ల సంగతో అడిగి తెలుసుకున్న మనిషి, తన గుండె సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య బోర్డు మీద రాస్తుంటే నా కుడి భుజం పట్టేస్తోంది. చెప్పుకుంటే వినేవాళ్లున్నారు. సలుపుతుందా గుంజుతుందా అని అడిగేవాళ్లు లేరు. సోమవారం ఫోన్ మోగితే ఇప్పటికీ చెయ్యి తొందరపడుతుంది.

మామ పోయిన పదోనాడు అమ్మా నేనూ వాళ్లింటికి వెళ్లాం. అద్దె ఇల్లు, పైన రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మీద ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు. ఒకామె రెండు మెట్లెక్కి కూర్చుంది, ఒకామె గోడ పట్టుకుని ఆగింది, ఇంకొకామె చేతికర్ర పై మెట్టు మీద పెట్టి ఊపిరి తీసుకుంటోంది. పై నుంచి మామ భార్య గొంతు వినిపించింది: "మెల్లగ ఎక్కుండ్రి." అమ్మ అయిదో మెట్టు మీద కూలబడి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, పైన తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ, "నువ్వు పో బిడ్డా, నేనస్త" అంది.