చీటీ తెచ్చిన మనిషి

మా సుకుమార్ గారికి పేరులో ఉన్నంత మెత్తదనం నోట్లో లేదు. ఏలూరులో మేం పనిచేసే ఆసుపత్రికి ఆయన ఫార్మసిస్టు. నేను హన్నమ్మని, ఎమర్జెన్సీలో హెడ్ సిస్టర్ని. డాక్టరు రాసిన చీటీ మేం రోగి తాలూకు మనిషి చేతికిస్తే, ఆ మనిషి కిందికి పరిగెత్తి ఫార్మసీ కిటికీ దగ్గర మందు తెస్తాడు. చీటీలో ఒక్క అక్షరం తెలియకపోయినా సుకుమార్ గారు మందివ్వరు. వెంటనే ఫోను. "సిస్టర్ గారండీ, ఇది మందు పేరాండీ, కోడి కెలికిందాండీ?" నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజు మధ్యాహ్నం కొల్లేరు వైపు నుంచి జేమ్స్ అనే చేపల చెరువు కూలీని ఆటోలో తెచ్చారు. చేపలకు పేను పట్టిందని పడవలో మందు కలుపుతుంటే డ్రమ్ము ఒరిగి మీద పడిందట, నోట్లోకీ పోయిందట. భార్య మార్తమ్మే నీళ్ళలోకి దిగి అతన్ని గట్టుకు లాగింది. మా దగ్గరకు వచ్చేసరికి నోట నురగ, ఊపిరి తీస్తే గురగుర. డాక్టర్ పృథ్వీ గారు చూస్తూనే పురుగుమందు విషం అన్నారు. దానికి విరుగుడు అట్రోపిన్. ఊపిరితిత్తుల్లో చెమ్మ ఆరేదాకా ఎక్కిస్తూనే ఉండాలి.

మేం అతని బట్టలు కత్తిరించి, ఒళ్ళు కడిగి, సూది మీద సూది వేస్తున్నాం. చీటీలన్నీ మార్తమ్మే పట్టుకెళ్తోంది. కళ్ళూ ముక్కూ కారిపోతుంటే తడికొంగుతో తుడుచుకుంటూ మెట్లు ఎక్కుతోంది, దిగుతోంది. పాపం, ఏడుస్తోంది అనుకున్నాం. మొగుడు చావుబతుకుల్లో ఉంటే ఎవరు ఏడవరు? మా నర్సు షారోన్ "ధైర్యంగా ఉండండమ్మా" అని భుజం కూడా తట్టింది.

ఇంతలో సుకుమార్ గారి ఫోను. "ఇదే ఆఖరి పెట్టెండీ. వేరే ఆసుపత్రికి బండి మీద మనిషిని పంపాను. వచ్చేదాకా దీంతోనే నెట్టుకురావాలండీ." ఆ పెట్టె కోసం చీటీ ఇచ్చి మార్తమ్మను పంపాను. ఎంతకీ రాలేదు. జేమ్స్ పెదవులు నీలంగా మారుతున్నాయి.

"మందేదండీ?" అని డాక్టరు గారు అరిచారు. ఫార్మసీకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. ఈ ముసలాయన ఇప్పుడు కూడా అక్షరాలు దిద్దుతున్నాడా అని పళ్ళు కొరుక్కున్నాను.

తలుపు తోసుకుని సుకుమార్ గారే వచ్చారు. జేబులో మందు పెట్టె, రెండు చేతుల మీదా మార్తమ్మ.

"డాక్టరు గారండీ, ఈవిడ ఏడవట్లేదండీ! ఈవిడక్కూడా విషం ఎక్కిందండీ!" ఆయనకు ఆయాసం. "పెట్టె ఇస్తుంటే చెయ్యి అందక తడుముకుందండీ. పట్టపగలు 'లైటు ఆపేశారేంటండీ' అందండీ."

డాక్టరు గారు ఆమె కనురెప్ప ఎత్తారు. కంటిపాప ఆవగింజంత ఉంది. గడ్డం మీద చొంగ. మొగుణ్ణి లాగినప్పటి చీరే ఇంకా ఒంటి మీద ఉంది, మందు వాసన గుప్పుమంటోంది. కిందకు వెళ్ళినప్పుడల్లా ఆ విషాన్ని మోసుకుంటూనే తిరిగింది.

పెట్టె ఒక్కటి, మనుషులు ఇద్దరు. డాక్టరు గారు ఆమెను పక్క మంచం మీద పడుకోబెట్టించారు.

"ఇద్దరికీ పంచండి. చీర తీసి ఒళ్ళు కడగండి. సుకుమార్ గారూ, ముందు మీరు చేతులు కడుక్కోండి!"

షారోన్ చీర కత్తిరించింది. సుకుమార్ గారు చేతులు కడుక్కుని వచ్చి ఒక్కో గాజు ఆంప్యూల్ మెడ విరిచి, ఎవరికి ఎంతో పైకి చదువుతూ నాకు అందించారు. నేను ఎక్కించాను. పెట్టె ఖాళీ అవుతోంది, బండి జాడ లేదు. ఆఖరి ఆంప్యూల్ విరిచాక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. మందు వచ్చింది.

మార్తమ్మ ఊపిరి తేటపడింది. జేమ్స్ సాయంత్రానికి పోయాడు.

"ఆ సగం కూడా ఆయనకే ఇచ్చి ఉంటే?" అని సుకుమార్ గారు డాక్టరు గారిని అడిగారు.

"ఈవిడ కూడా పోయేదండీ," అన్నారాయన.

జేమ్స్ మేనత్తా బంధువులూ వచ్చి మార్తమ్మ మంచం చుట్టూ చేరారు. జేమ్స్ పోయాడని ఆ మేనత్తే చెప్పింది. మార్తమ్మ నోరు తెరిచింది. ఎండిన పెదవులు కదిపింది, వేళ్ళతో కళ్ళు నొక్కుకుంది.

"కట్టుకున్నోడు పోతే కంట చుక్క లేదు చూడండి," అంది మేనత్త. "ఏం గుండెండీ ఇది!"

మందు తెచ్చిన సుకుమార్ గారు గుమ్మంలో ఆగిపోయారు. ఇక ఆ మేనత్త పని అయినట్టే అనుకున్నాను. కానీ ఆయన మంచం దగ్గరికి వచ్చి, నేనెప్పుడూ వినని గొంతుతో మాట్లాడారు.

"ఆ కళ్ళు ఎండిపోయింది మా మందు వల్లండీ. అవి కారుతుంటే విషం ఇంకా ఉన్నట్టేనండీ, ఈ తల్లి కూడా మనకి దక్కదండీ. ఆవిడ ఏడవకూడదండీ ఇప్పుడు. ఆవిడ బదులు మీరు ఏడవండి."

మేనత్త ఆయన్ని చూసింది, మార్తమ్మను చూసింది. తర్వాత మంచం మీద కూర్చుని, ఆమె తల ఒళ్ళోకి తీసుకుని భోరుమంది.