పెద్ద సారు గీత తొక్కిన శుక్రవారం

ఆ రోజుల్లో గీత అంటే నాకు ఒక్కటే అర్థం. కాలు అటు పడితే అవుట్, ఇటు ఉంటే ఆటలో ఉన్నట్టు. మా జగిత్యాల వైపు కబడ్డీ ఆడి మోకాళ్లు చెక్కుకుపోయిన వాళ్లకి అంతకుమించిన న్యాయశాస్త్రం అక్కర్లేదు. గీతకు అవతల గాలిలో ఉన్నా ఇంకా బయటికి పోనట్టే లెక్కయ్యే మనుషులు, గీతకు ఇవతల నేల మీదే ఉన్నా బయటికి పోయినట్టు లెక్కయ్యే బంతులు ఈ లోకంలో ఉన్నాయని, వాటి మధ్య నా బిడ్డ తొట్టెల పండుగ ఇరుక్కుంటుందని అప్పట్లో ఎవరైనా చెబితే వాడికి ఎండ దెబ్బ తగిలిందనుకునేవాణ్ణి. ఇప్పుడైతే నేనే పదిమందికి చెప్పి నవ్విస్తున్నాను కాబట్టి మీరూ నవ్వుకోవచ్చు.

అప్పుడు నేను మస్కట్‌లో బౌషర్ దగ్గర క్యాంపులో ఉండేవాణ్ణి. రోడ్లు వేసే కంపెనీ. నా డ్యూటీ సర్వేయర్ సారు వెనకాల తిరగడం. ఆయన దూరంగా మిషన్‌లో ఒక కన్ను పెట్టి చెయ్యి ఊపుతుంటే, నేను కొలబద్ద నిలబెట్టుకుని అటు కొంచెం ఇటు కొంచెం జరిగి, ఆయన ఆపమన్నచోట గుర్తుకు నేలలో చెక్క పెగ్గు కొట్టేవాణ్ణి. ఒకసారి కొట్టిన పెగ్గు ఎవరైనా కదిలిస్తే నా ప్రాణం కదిలినట్టు ఉండేది. "కంటితో చూడని పాయింటు నోటితో చెప్పకు, రోడ్డు వంకర పోతది" అని సర్వేయర్ సారు మొదటి రోజే నాకు ఉపదేశం చేశారు. (ఆయనది మా పక్క జిల్లానే. తిట్టినా మన భాషలో తిట్టేవారు, అదొక సుఖం.)

నేను ఒమాన్ వచ్చేనాటికి మా ఆవిడకు నెలలు నిండలేదు. వచ్చాక బిడ్డ పుట్టింది. ఫోన్‌లో చూపించేవారు గానీ, ఎప్పుడు చూసినా నిద్రలోనే ఉండేది. తండ్రి లేకుండా తొట్టెల్లో వెయ్యడం ఏమిటని ఇంట్లో పెద్దవాళ్లు ఆ వేడుకను మూడో నెలకు వాయిదా వేశారు. నాకేమో కంపెనీ లెక్క ప్రకారం లీవు రావడానికి ఇంకా చాలా కాలం ఉంది. మధ్యలో పోవాలంటే పెద్ద సారు ఒక్కరే సంతకం పెట్టాలి. పెద్ద సారు అంటే మా ప్రాజెక్టు మొత్తానికి ముదీర్, అంటే మేనేజరు, అమెరికా మనిషి. మంచివారే, కానీ ఆయన ఎదుట నిలబడితే నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ నన్ను వదిలి వెళ్లిపోయేవి.

దారి చూపించింది మా రూమ్ చాచా. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, పెద్ద సారు కారు డ్రైవరు. ఇంగ్లీషు, అరబ్బీ, ఉర్దూ, తెలుగు నాలుగింటినీ ఒకే గిన్నెలో కలిపి వడ్డించేవాడు. "అరె మియా, నువ్ పరేషాన్ గాకు. పెద్ద సారుకు శుక్రవారం ఆట పిచ్చి. గీత పక్కన కట్టె వట్టుకొని నిలవడెటోళ్లు కావాల్నట. నువ్ రోజూ చేసే పనే గదా! ఆయిన ఖుష్ అయితే నీ లీవ్ అయిపాయె" అన్నాడు. అదేం ఆట అని అడిగితే ఫుట్‌బాల్ అన్నాడు. నేను కాలితో తన్నే ఆట అనుకుని సంతోషంగా ఒప్పుకున్నాను.

తీరా వెళ్లి చూస్తే అది అమెరికావాళ్ల ఫుట్‌బాల్, వాళ్లు బంతిని తన్నడమే లేదు. బొప్పాయి కాయ లాంటి బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తుతున్నారు. నడుముకు పేలికలు వేలాడదీసుకున్నారు, అవతలివాడు ఆ పేలిక లాగేస్తే దొరికిపోయినట్టు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్లకి ఇచ్చెయ్యాలి. ఆ పది గజాలు కొలవడానికి రెండు కర్రలు, మధ్యలో ఒక గొలుసు. చిన్నప్పుడు తమ ఊళ్లో ఇలాగే కొలిచేవాళ్లని, గొలుసు లేని ఆట ఆటే కాదని పెద్ద సారు పట్టు. ఒక కర్ర నాకిచ్చి, బంతి బయటికి పోయినచోటు చూడటం కూడా నాకే అప్పజెప్పారు. చారల చొక్కా వేసుకుని విజిల్ ఊదే ఒక స్కూలు మాస్టారు ఆటకు పెద్ద. ఆయన్ని మేం విజిల్ సారు అనేవాళ్లం.

మొదటి శుక్రవారమే బంతి నా ముందు గీత దాటింది. నేను పరుగున వెళ్లి దాటినచోట పెగ్గు కొట్టాను. (పెగ్గులు ఎవరూ తెమ్మనలేదు. నా జేబులో ఎప్పుడూ రెండు ఉండేవి.) విజిల్ సారు వచ్చి బంతి తీసుకుని, నా పెగ్గు వైపు ఒకసారి చూసి, తిన్నగా మైదానం లోపలికి నడిచి ఎక్కడో మధ్యలో పెట్టారు. పాపం మరిచిపోయారేమో అనుకుని నేను లోపలికి వెళ్లి బంతి తెచ్చి పెగ్గు దగ్గర పెట్టాను. ఆయన మళ్లీ లోపల పెట్టారు. నేను మళ్లీ తెచ్చాను. "సార్, ఇధర్ గయా, ఇధర్!" అని పెగ్గు చూపించాను కూడా. ఆటగాళ్లందరూ నడుము మీద చేతులు పెట్టుకుని మా ఇద్దరి ఆటే చూస్తున్నారు. చివరికి చాచా కారు దగ్గర నుంచి కేక వేశాడు.

"ఇడిసిపెట్టు మియా! అంచుకు పోయిన బంతిని లోపటికి తెచ్చి పెడ్తరట, అది వాళ్ల రూలు!"

"మరి పోయినకాడ పెట్టరా?"

"పొడుగుల పోయినకాడనే. అడ్డంల లోపటికి!"

అప్పుడు అర్థమైంది. రోడ్డు పనిలో చెప్పుకోవాలంటే రోడ్డు మొదలు నుంచి కొలిచే దూరం మారదు, అంచు నుంచి మధ్యకు జరగడం మాత్రమే. ఇంత సులువైన సంగతికి అంత గొడవ పెట్టుకున్నానని సిగ్గేసింది గానీ, ఆ వెంటనే ఇంకో వింత జరిగింది. బంతి గీతకు లోపలే దొర్లుతోంది, ఒకడు గీత బయట కాలు పెట్టి దాన్ని ముట్టుకున్నాడు. విజిల్ మోగింది. బంతి బయటికి పోయినట్టేనట! బంతి కదల్లేదు, బయట ఉన్నవాడు ముట్టుకున్నందుకు దానికీ బయటితనం అంటుకుంది. "పురిటి మైల లెక్కనా చాచా?" అని అడిగితే, చాచా "హౌ, గట్లనే అనుకో" అన్నాడు. ఆ సాయంత్రం కరక్ చాయ్ తాగుతూ ఇద్దరం ఆ రూలు గురించే మాట్లాడుకున్నాం. అదే ఆటలో ఇంకొకడు బయటికి ఎగిరి బంతిని గాల్లోనే పట్టుకున్నాడు, వాడి కాలు నేలకు తగిలేదాకా వాడు బయటివాడో లోపలివాడో తేలలేదు. అది మాత్రం నాకు వెంటనే ఎక్కింది, కబడ్డీలోనూ అంతే.

ఇలా నాలుగైదు శుక్రవారాలు గడిచాయి. పెద్ద సారు నన్ను చూసి తల ఊపే దాకా వచ్చింది. ఇంతలో ఇంటి నుంచి ఫోన్.

"లగ్నం వెట్టిచ్చిండ్రు. ఇగ జరుపుడు కుదరదట. అస్తవా రావా, ఒక్క మాట చెప్పు" అంది మా ఆవిడ.

"అస్తనే. ఈ శుక్రవారం పెద్ద సారు టీమ్ గెలిస్తె అడుగుత."

"టీమేంది? మన బిడ్డ తొట్టెలకు గాళ్లెవరు ఆడేటోళ్లు?"



ఆ శుక్రవారం ఆట ఇంకో కంపెనీ వాళ్ల టీమ్‌తో. పెద్ద సారుకూ వాళ్ల కెప్టెన్‌కూ పాత పంతం. నేను పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి, మా ఊరి అమ్మవారికి పెద్ద సారు టీమ్ ఏదో గుర్తులు చెప్పి మరీ మొక్కుకున్నాను. ఆట చివరికి వచ్చింది. మా వాళ్లు కొంచెం వెనకబడి ఉన్నారు, బంతి మాత్రం మా వాళ్ల చేతిలోనే ఉంది. ఆఖరి ప్రయత్నం. గొలుసు చివర దాకా వస్తే ఆట సాగుతుంది, రాకపోతే ఖలాస్. పెద్ద సారు బంతి తనకే ఇవ్వమని అడిగి తీసుకున్నారు. నా గీత పక్కనుంచే పరుగెత్తుకొచ్చారు. ఆయనది భారీ శరీరం, నేల అదిరింది. వెనకనుంచి ఒకడు పేలిక కోసం చెయ్యి చాచాడు. పెద్ద సారు బంతి ఉన్న చేతిని ఎంత ముందుకు పెట్టగలరో అంత ముందుకు పెట్టి, ఆ ఊపులో గీత తొక్కారు.

నేను ఊపిరి కూడా పీల్చకుండా బూటు పడిన గుర్తు మీద పెగ్గు కొట్టాను. నా జీవితంలో అంత కచ్చితంగా పెగ్గు ఎప్పుడూ కొట్టలేదు. తల ఎత్తి చూస్తే పెద్ద సారు మొహం వెలిగిపోతోంది. విజిల్ సారు రొప్పుతూ వచ్చారు. ఆయన వెనక ఎక్కడో ఉండిపోయారు, నలుగురు అడ్డం రావడంతో సరిగ్గా చూడలేదు. నన్ను ఏదో అడిగారు. చాచా పరుగున వచ్చి తర్జుమా చేశాడు.

"కాలు పడింది చూపిచ్చినవ్, షాబాష్. ఆ టైముల బంతి యాడుండె అని అడుగుతుండు."

"బంతా?" అన్నాను నేను. "బంతితోని మనకేం పని?"

"అరె, కాలు తొక్కినప్పుడు బంతి ఎంత దూరం ఉంటే అక్కడిదాకా పోయినట్టు లెక్క మియా! కాలు లెక్కకాదు!"

 ఇన్ని శుక్రవారాలుగా నేను కాళ్లే చూస్తున్నాను. ఇన్నాళ్లూ బంతీ కాలూ దగ్గర దగ్గరగా ఉండటంతో ఎవరికీ తేడా తెలియలేదు. కబడ్డీలో బంతి ఎక్కడిది, దాన్ని చూసే అలవాటు నాకు ఎక్కడినుంచి వస్తుంది? చాచా గొంతు తగ్గించి, "చూసిన అను. గింత ముందల ఉండె అను. నీ బిడ్డ తొట్టెల యాదికి తెచ్చుకో" అన్నాడు. యాదికి తెచ్చుకోకుండా ఎలా ఉంటుంది? నా గుండె నిండా అదే ఉంది. పెద్ద సారు నా మొహంలోకే చూస్తున్నారు. చెయ్యి ఎత్తి అదిగో అక్కడ అంటే చాలు. కానీ చూడని పాయింటు ఎక్కడని చూపించను? ఇక్కడ అంటే ఇక్కడే ఎందుకు, అక్కడ ఎందుకు కాదు? చెయ్యి లేవలేదు. "నేను చూడలే సార్" అన్నాను, అదీ తెలుగులో.

విజిల్ సారు చేసేదేముంది, నా పెగ్గుకు సూటిగా బంతి పెట్టారు. గొలుసు లాగారు. జానెడు తక్కువైంది. అవతలివాళ్లు గంతులేశారు. పెద్ద సారు వంగి నా పెగ్గును పీకి, మట్టి దులిపి, నా చేతిలో పెట్టి ఏదో అన్నారు. ఏమన్నారని చాచాని అడిగాను. "అది తెలుగుల రాదు మియా" అన్నాడు.

మరునాడు డ్యూటీ మొదలు కాకముందే ఆఫీసు నుంచి పిలుపు. ఉద్యోగం కూడా పోయిందనుకున్నాను. చాచా కూడా లోపలికి వచ్చాడు, మాటలు చెప్పడానికి. పెద్ద సారు కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టి మాట్లాడారు. చాచా వింటూ మీసాల్లో నవ్వు దాచుకోలేక తంటాలు పడ్డాడు.

"విజిల్ సారు ఫోన్ జేసిండట. సొంత ముదీర్ దిక్కు గూడ మొగ్గని మనిషి, ఇగ ప్రతి ఆటకు గీత కాడ ఆయినే ఉండాలె అన్నడట. నెలాఖరుకు మళ్ల గాళ్లతోనే ఆట. నువ్ క్యాంపుల ఉంటే విజిల్ సారు నిన్నే అడుగుతడు. అందుకని... నీకు లీవ్ గావాలె అంట గద?"

 "పదిహేను రోజులు చాలు సార్" అని వేళ్లతో చూపించాను. పెద్ద సారు తల అడ్డంగా ఊపి, నెలాఖరు దాటాకే రమ్మని సంతకం పెట్టేశారు.

అలా వెళ్లాను నా బిడ్డ తొట్టెలకు. చీరె కట్టిన తొట్టెలో మా అమ్మ దాన్ని నా చేతుల మీదుగా వేయించింది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఫోన్‌లో ఎప్పుడూ నిద్రపోయే నా బిడ్డ ఆ రోజు కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూసింది. చెవిలో పేరు చెప్పమంటే, అంతమంది ముందు వంగి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఏడ్చాను. చుట్టాలు ఎండకు కళ్లు పాడైనట్టున్నాయని సర్దిచెప్పుకున్నారు.

తిరిగొచ్చాక పౌరుషంతో ఆ ఆట మొత్తం నేర్చుకున్నాను. చాచా ఫోన్‌లో ఆటలు పెట్టించుకుని, ఆపించుకుని, ఎక్కడ కాలు, ఎక్కడ బంతి, ఎవడు ముట్టుకుంటే ఎక్కడ పెట్టాలి అన్నీ కంఠస్థం చేశాను. తర్వాతి సీజన్‌కి నా అంతటివాడు బౌషర్ మొత్తంలో లేడన్నారు. విజిల్ సారుకు సందేహం వస్తే నా వైపే చూసేవారు. పెద్ద సారు భుజం తట్టేవారు. బిడ్డ మొదటి పుట్టినరోజుకు లీవు అడిగితే ఆయనకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. సీజన్ మధ్యలో నువ్వు లేకపోతే ఎలా, ఆట అయ్యాక వెళ్లు అన్నారు, ఎంతో ప్రేమగా. అటు ఇంట్లో కేకు కోస్తుంటే నేను ఇక్కడ కర్ర పట్టుకుని బంతి మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాను. ఆ రోజు పెద్ద సారు మళ్లీ చెయ్యి చాచి గీత తొక్కారు, నేను వెంట్రుకవాసి తేడా లేకుండా చూపించాను, అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నేను ఒమాన్‌లోనే ఇబ్రి వైపు సైట్లో ఉన్నాను. పెద్ద సారు వాళ్ల దేశం వెళ్లిపోయారు. ఆ రోజుల్ని తలుచుకుంటే అన్నీ తెలిసిన నాకంటే, బంతి వదిలేసి బూట్లు చూసిన ఆ తెలివితక్కువవాడి మీదే నాకు అభిమానం. వాడు కనీసం ఇంటికి వెళ్లొచ్చాడు.