అందిందని చెప్పేదాకా

మా వదిన పోయింది. టాటానగర్ స్టేషన్‌లో ఆమె చేత ఊరికి సంచులు పంపించుకున్నవాళ్లు మీలో, ఇక్కడి మన తెలుగువాళ్లలో, చాలామందే ఉన్నారు కాబట్టి, ఈ కబురు మీకు అందాలి. గుండె. చెప్పాపెట్టకుండా, పట్టపగలు.

ఇక్కడే సిద్ధగోరాలో అంబులెన్సులు నడిపే చిన్న ఆఫీసుకు ఆమె కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసింది. ఫోన్ వస్తే నేను అడ్రసు కొడతాను. అది డ్రైవర్ మొబైల్‌కు వెళుతుంది. పదో తరగతి గట్టెక్కని నాకు ఆ పని ఇప్పించింది ఆమే. అంత భయస్తురాలు అంత ధైర్యం ఎలా చేసిందో!

ఆమె భయమంతా ఒక్కటే: బయటికి పోవలసిన మాట మధ్యలో ఆగిపోతుందని. పంపినవేవీ తిన్నగా వెళ్లవట. ముందు బఫర్ అనే చోట చేరి, వంతు కోసం కూర్చుంటాయట. పచ్చడి జాడీని పలాస వెళ్లేవాడి చేతికిచ్చి, ముట్టిందని ఫోన్ వచ్చేదాకా గుమ్మంలో తిరుగుతాం చూడండి, అలాగన్నమాట. "పంపీసినామంటే అందీసినట్టేనేటి, మరిదీ?" అనేది.

మొదట్లో ప్రతి చిన్న కబురూ విడిగా వెళ్లేది, యంత్రం ఆయాసపడేది. తర్వాత, ఏ బండి ఎక్కడుందో చెప్పే కబుర్లను పోగుచేసి ఒకేసారి పంపేలా మార్చింది. రోగి పిలుపు మాత్రం దేనికోసమూ ఆగకూడదు. "ట్రాలీ నిండలేదని రైలు ఒగ్గీత్తామేటి?"

ఒకసారి ఒక బండి సిగ్నల్ లేని కొండదారిలో చిక్కుకుంది. దానికి పోవలసినవి పేరుకుని బఫర్ నిండింది. మిగతా బండ్లన్నిటికీ మాట ఆగిపోయింది. వదిన ముఖంలో నెత్తురు లేదు. అన్నం ముట్టకుండా కూర్చుని, బఫర్‌ను బండికో సంచి చొప్పున విడదీసింది. సంచి నిండితే బండ్ల పాత జాడ పారేసి కొత్తది ఉంచాలి. పిలుపును మాత్రం పారేయకూడదు. "అందనోడి కోసం అందర్నీ ఆపీత్తే మడుసులు సచ్చిపోతారు, మరిదీ."

డ్రైవర్ చూసి నొక్కితేనే తెరమీద ఆకుపచ్చ చుక్క పడేలా చేసింది. అది పడేదాకా అరచేయి బల్ల అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టేది. నేను ఊరుకుంటానా? "వదినా, చుక్క నల్లబడిపోనాది!" అని అరిచేవాణ్ణి. ఎగిరిపడేది. "నవ్వు, నవ్వు. బయం నేనోడికి ఎన్నయినా నవ్వులే," అనేది.

ఆ రోజు ఫోన్ మా అన్నయ్యది. "మీ వదిన పడిపోనాదిరా. పిలిత్తే పలకదు."

అగ్రికోలో వాళ్లుండే క్వార్టర్ అడ్రసు నాకు నిద్రలో లేపినా వస్తుంది, వేళ్లకే రాలేదు. ఎలాగో కొట్టాను. 'పంపబడింది' అంది తెర. చుక్క లేదు. ఎక్కడ కూర్చుంది ఆ మాట? ఏ సంచిలో ఇరుక్కుంది? డ్రైవర్‌కు ఫోన్ చేయబోతుంటే చుక్క వెలిగింది, వెంటనే అతనే చేశాడు: "మిల్ గయా, భయ్యా. యే తో భాభీ కా ఘర్ హై నా?" అందిందట; ఇది వదిన ఇల్లే కదా అని.

ఆమె రాసింది ఎక్కడా ఆగలేదు. బండీ ఆలస్యం కాలేదు. ఆస్పత్రి గుమ్మం దాటాక ఆమె గుండే ఆగింది.

ఇప్పుడు ప్రోగ్రామ్ లోపలికి తొంగిచూడగలిగేవాళ్లెవరూ ఆఫీసులో లేరు. లోపల ఏం పేరుకుంటోందో నాకు తెలియదు. పొద్దున్నే గుమ్మం ఎక్కాలంటేనే భయం. బల్ల అంచున, ఆమె అరచేయి ఆనిన చోట, రంగు పోయింది. ఫోన్ మోగుతుంది. అడ్రసు కొడతాను. 'పంపబడింది' అంటుంది తెర. చెమట పట్టిన నా అరచేయి వెళ్లి ఆ చోటనే ఆనుకుంటుంది. చుక్క ఇంకా పడలేదు.