నాన్న జేబులో బూట్‌లోడర్

రిటైరయ్యేదాకా లిఫ్టులు బాగుచేసిన మనిషి మా నాన్న. చేతిలో పని లేకపోతే ఆయనకు అన్నం సయించదు. మా ఆవిడ పాత లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని విన్నాడో లేదో, అందులో విండోస్ బదులు తేలికగా నడిచే లినక్స్ వేస్తానని కూర్చున్నాడు. కొత్తదాన్ని లోపలికి రానివ్వని సెక్యూర్ బూట్ అనే కాపలాతో కుస్తీ పట్టి, మొత్తానికి వేశాడు.

ఒక్కచోట పప్పులో కాలేశాడు. బటన్ నొక్కగానే లాప్‌టాప్ ముందు బూట్‌లోడర్‌ను వెతుక్కుంటుంది. అది లేపితేనే లినక్స్ లేస్తుంది. దాన్ని లాప్‌టాప్ డిస్కులోనే, ఈఎఫ్ఐ అనే చిన్న భాగంలో పెట్టాలి. నాన్న పొరపాటున పక్కనే గుచ్చి ఉన్న తన పెన్‌డ్రైవ్‌లో పెట్టేశాడు. ఇక ఆ పెన్‌డ్రైవ్ గుచ్చనిదే లాప్‌టాప్ లేవదు.

మా ఆవిడ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. రోజూ పొద్దున్నే నాన్న గదికి వెళ్లి, "మామయ్యా, పెన్‌డ్రైవ్" అనేది.

"కూర్చోమ్మా, ఇస్తా" అని ఆయన ఏదో లిఫ్టు కథ ఎత్తుకునేవాడు. అమ్మ పోయాక ఆ గదిలో నవ్వులు వినిపించింది అప్పుడే. సాయంత్రానికి పెన్‌డ్రైవ్ మళ్లీ ఆయన దగ్గరికే చేరేది. ఇంకెవరి దగ్గరున్నా పోతుందట!

"కాసేపటి పని కదా నాన్నా, సరిచేసెయ్యొచ్చుగా?" అన్నాను.

"చేసేస్తే ఆ అమ్మాయి నా గదికెందుకొస్తుందిరా?" అన్నాడు.

ఒకరోజు పొద్దున్నే, మా ఆవిడ అడగకముందే, పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో ఉండగానే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఫోన్ ఇంట్లో మరిచాడు. మధ్యాహ్నంలోగా పంపాల్సిన ఓ పుస్తకం బొమ్మలు లాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి. ఆయన తిరిగొచ్చేసరికి ఆ పుస్తకం పని చేజారిపోయింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

నాన్న కాళ్లు కూడా కడుక్కోలేదు. మందు వేసిన కళ్లు చికిలించుకుంటూ లాప్‌టాప్ ముందు కూర్చుని, బూట్‌లోడర్‌ను దాని చోట పెట్టాడు. పెన్‌డ్రైవ్ పీకి బటన్ నొక్కాడు. లాప్‌టాప్ దానంతటదే లేచింది.

"ఇక నా అవసరం లేదమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున మా ఆవిడ తిన్నగా బల్ల దగ్గరికెళ్లి పనిలో పడింది. నాన్న తన గదిలో పేపర్ తిరగేశాడు, మడిచాడు, మళ్లీ విప్పాడు. చివరికి లేచొచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం కావాలి మామయ్యా?"

"ఏం లేదమ్మా. ఊరికే వచ్చా."

ఆవిడ కుర్చీ మీది కాగితాలు తీసేసింది. "రండి, కూర్చోండి. పొద్దుట్నుంచి ఏదో వెలితిగా ఉంది, ఏంటా అనుకుంటున్నా" అంది.