పక్క చెరువు

మా బావగారు జోగేశ్వరరావు గారికి ఒకే ఒక్క పిచ్చి. పొద్దున్న లేవగానే అందరూ కాఫీ కోసం వంటింటి వైపు వెళితే, ఆయన మందుల షాపులో కొన్న డబ్బాలోంచి ఒక యూరిన్ టెస్టు స్ట్రిప్పు తీసుకుని బాత్రూములోకి వెళతారు. బయటికొచ్చి, దాని మీది గళ్ళు ఏ రంగుకి తిరిగాయో డబ్బా మీది రంగులతో పోల్చుకుంటారు. షుగరు, ప్రోటీను, పీహెచ్ అన్నీ సరిచూసుకున్నాకే ఆయనకి తెల్లవారినట్టు. ప్రోటీను గడి పసుపుగా ఉంటే క్షేమం, ఆకుపచ్చకి తిరిగితే కిడ్నీల్లోంచి ప్రోటీను పోతున్నట్టు.

గుట్టుగా చేసుకునే మనిషయితే నేను ఇంత రాయక్కర్లేదు. ట్యూబులైటు వెలుగులో రంగు సరిగ్గా తెలియదని ఆయన వాదన. అందుకని వీధి గేటు దగ్గర ఎండలో నిలబడి ఆ స్ట్రిప్పుని పైకెత్తి చూస్తారు. పాలు పోసే తాతాజీ రోజూ దొరికిపోతాడు. పసుపా, ఆకుపచ్చా అని అడిగితే, బండికి స్టాండు వేసి, కళ్ళు చికిలించి, "పసుపేనండి, నిమ్మపండు రంగు" అని తీర్పు చెప్పి గానీ కదలడు. అది దేంట్లో ముంచిన స్ట్రిప్పో తెలిసిన రోజు నుంచి మాత్రం బండిని కాస్త దూరంగా ఆపి, అక్కణ్ణించే తీర్పు చెబుతున్నాడు.

పాపం, తప్పు ఆయనది కాదు. భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేసే మనిషి. నీళ్ళు సీసాలోకి తీసి, మందు చుక్కలు వేసి, తిరిగిన రంగుని అట్టతో పోల్చడం మీసాలు వచ్చినప్పటి నుంచీ ఉన్న అలవాటు. రొయ్య ఎలా ఉందో నీళ్ళు చెబుతాయి కాబట్టి మనిషి సంగతీ అంతేనని తీర్మానించేశారు. ఓసారి స్ట్రిప్పు చూసి, "పీహెచ్ తగ్గింది, సున్నం వెయ్యాలి" అన్నారు. మా అక్క మాణిక్యాంబ కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "చెరువుకాండీ, మీకాండీ? మీకైతే తమలపాకు కూడా తెస్తాను" అంది.

నలుగురిలో ఆయన పక్కన కూర్చోవాలంటే నాకు వణుకు. లోకంలోని రంగులన్నిటికీ ఆయన దగ్గర డబ్బా మీది పేర్లే ఉన్నాయి. కాకినాడలో మా చిన్నాన్న మనవరాలు హారతి నిశ్చితార్థానికి వియ్యపురాలు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొస్తే, "ప్రోటీను రెండు ప్లస్సు" అని నా చెవిలో అన్నారు. చెరువుగట్టు మీద నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరులో మాట్లాడే మనిషి చెవిలో చెప్పడమంటే మైకులో చెప్పినట్టే. ఆవిడ అదేదో పొగడ్త అనుకుని నవ్వడం మా అదృష్టం.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. ఆవిడకి బీపీ. పాదాలు వాస్తున్నాయని ఆ మధ్య డాక్టరు గారు యూరిన్ టెస్టు రాశారు. ల్యాబులో మనిషి ఆవిడ ఇచ్చిన శాంపిల్ డబ్బా పైకెత్తి, "మాణిక్యాంబ గారూ, ఇంతేనాండీ?" అని కేకేశాడు. అక్క భజన బృందం సగం ఆ హాల్లోనే ఉంది. ఇక ఆ గుమ్మం తొక్కనని వచ్చేసింది. ఆ తర్వాత టెస్టు మాటెత్తితే చాలు, వేరే గదిలోకి వెళ్ళిపోయేది. మా అమ్మ కిడ్నీలు పాడయ్యే చనిపోయింది. అందుకే అక్క మొండితనం చూస్తే మా అందరికీ భయం.

అలాంటి అక్కే, నిశ్చితార్థం నుంచి తిరిగొస్తూ కారులో నా దగ్గర మొరపెట్టుకుంది. "మీ బావకి నువ్వైనా చెప్పరా. ఇప్పుడు నన్ను కూడా దింపారు."

ఆయన కొత్త పాట అందుకున్నారట. ఒక్క చెరువు నీళ్ళు చూస్తే ఏమీ తేలదట, పక్క చెరువుతో పోల్చాలట. అదే వంట తిని, అవే నీళ్ళు తాగే మనిషి స్ట్రిప్పు పక్కన పెట్టుకుంటేనే తన స్ట్రిప్పు సంగతి తెలుస్తుందట. ఆయన ఆరోగ్యం కోసం కదా అని, తన స్ట్రిప్పు గేటు దాటకూడదని ఒట్టు వేయించుకుని, అక్క పళ్ళు నూరుకుంటూనే ముంచుతోంది.

మందలిద్దామని ఓ పొద్దున్నే వెళ్ళాను. బావగారు గేటు దగ్గర లేరు. పెరటి అరుగు మీద ఒక్కరే కూర్చుని చేతిలో స్ట్రిప్పు చూస్తున్నారు. ప్రోటీను గడి ఆకుపచ్చగా ఉంది.

"ఏంటి బావగారూ, మీకు ప్రోటీను పోతోందా?"

"నాకా? నాది ఎప్పుడూ నిమ్మపండేనోయ్. ఇది పక్క చెరువు."

నేను ఆయన పక్కనే అరుగు మీద కూర్చున్నాను. మరి ఇన్నాళ్ళూ గేటు దగ్గర ఆ ప్రదర్శన ఏంటని అడిగాను.

"ఆ ల్యాబు గొడవయ్యాకే కదుటోయ్ నేనీ స్ట్రిప్పులు కొన్నది. మీ అక్కని ఒక్కదాన్నీ ముంచమంటే ముంచుతుందా? ఊరంతా ముందు నన్ను చూసి నవ్వేస్తే, ఆవిడని చూసి నవ్వడానికి ఇంకేం మిగులుతుంది?"

ఆ స్ట్రిప్పు సంగతి చెబితే, ఇంట్లో స్ట్రిప్పుతో సరిపోదు, ల్యాబులో మళ్ళీ చూడాల్సిందే అన్నారు డాక్టరు గారు. ల్యాబు ముందుకొచ్చాక అక్క కారు దిగనంది. బావగారు ఇంటి నుంచి తెచ్చిన అక్క శాంపిల్ డబ్బా తీసుకుని లోపలికి నడిచారు, వెనకాల నేను. "మాణిక్యాంబ గారెవరండీ?" అని కేక వినబడింది. హాలంతా తలెత్తింది. గుబురు మీసాల మా బావగారు లేచి, "నేనేనండి" అన్నారు.

ల్యాబు మనిషి చీటీ చూశాడు, మీసాలు చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు. బావగారు కౌంటరు మీదికి వంగి, "మనిషి కారులో ఉందండి. పేరు కాస్త నెమ్మదిగా పిలవండి" అన్నారు. పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు. ఆయనకి చెవిలో చెప్పడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

జబ్బు తొందరగానే బయటపడింది, భయం లేదన్నారు డాక్టరు గారు. మందులు మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. ఇప్పుడు బావగారు ఎప్పుడైనా బద్ధకించినా అక్క ఊరుకోదు. "పక్క చెరువు లేకపోతే నాది ఎలా తెలుస్తుందండీ?" అని డబ్బా తెచ్చి చేతిలో పెడుతుంది.

మొన్న హారతి పెళ్ళికి చీర కొనడానికి ముగ్గురం బజారుకి వెళ్ళాం. షాపాయన మంచి ఆకుపచ్చ పట్టుచీర విప్పి పరిచాడు. అక్క చేత్తో పక్కకి నెట్టేసింది.

"అది వద్దండి, రెండు ప్లస్సు. ఆ నిమ్మపండు రంగుది చూపించండి."

షాపాయన నా మొహం చూశాడు. నేను బావగారి వైపు చూద్దును కదా, ఆయన అప్పటికే ఆ నిమ్మపండు రంగు చీర చెంగు పట్టుకుని గుమ్మంలోకి, ఎండలోకి నడుస్తున్నారు. ట్యూబులైటు వెలుగులో రంగు సరిగ్గా తెలియదు మరి.