మానిన చెయ్యి

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. మాఘం వెళ్ళాక, మిట్టమధ్యాహ్నం, అచ్చంపేట దాటి నల్లమల అంచున లారీ దిగాను. అడవిలో తర్ఫీదు కోసం మా పటాలం అక్కడ గుడారాలు వేసింది. నేను మిలిటరీ నర్సును, కెప్టెన్ని. ఒక ట్రంకు, దుప్పటి చుట్ట, మందుల పెట్టెలు. రాతి నేల, మేకు దిగదు. దవాఖాన గుడారం వెనక నా గుడారం, మిగతావాటికి దూరంగా. క్యాంపు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే.

"ఏ బార్డర్ల చేసినవు?" అని మా రామన్నపేటలో ఇప్పటికీ అడుగుతారు. అచ్చంపేట అంటే నవ్వుతారు. నవ్వండి. మన బస్సులు పోయే రోడ్డు కళ్ళముందే ఉండి, సెలవు దొరక్క నెలలు గడిపి చూడండి. ఒంటరితనానికి మంచుకొండలు అక్కర్లేదు.

నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే, వైర్‌లెస్ హవల్దార్. పోచంపల్లి నేతింటివాడు. సర్వీసు అయిపోవచ్చింది, ఇంటికి పోయి చిటికి కడతాననేవాడు. రంగు అంటకూడని చోట నూలును బిగించి ముడి వెయ్యడం చిటికి. బొటనవేలు, చూపుడువేలు కలిసి ఆడాలి.

సరిగ్గా ఆ రెంటి మధ్యే, కుడిచేతికి కాలింది. వేడి జనరేటర్ గొట్టం పట్టుకున్నాడు.

చర్మం మూసుకోగానే కట్టు తీసేశాడు.

"మానింది గద మేడం. గందుకే కట్టు మానేసిన."

"మూసుకున్నది, మానలే. లోపల పని మానితేనే పుండు మానినట్టు."

"గిదేం తెలుగు మేడం?"

"మన తెలుగే. దెబ్బ తాకిన జాగకు తెల్లకణాలు ఉరికొస్తయి. చెత్త ఊడుస్తయి, కొత్త రక్తనాళాలను పిలుస్తయి. గా ఎరుపు వాటిదే. పనైనంక తెల్లకణాలు పోవాలె, అక్కరలేని నాళాలు ఎండాలె. పోకుండ కూసుంటే లోపల పీచు అల్లిక ఆగదు. మచ్చ ఉబ్బుతది, వేలును గుంజుతది. కట్టు బిగుతుగ ఉంటే గా నెత్తురు జోరు తగ్గుతది."

"అంటే డ్యూటీ అయినా ఇంటికి పోనోళ్ళు."

"మనలెక్కనే. కట్టు తియ్యకు."

మర్నాడు అతన్ని గుట్టమీది రేడియో పాయింటుకు పంపారు. నేను మేజర్‌తో పోట్లాడాను. పుండు మూసుకున్నవాడు ఫిట్టేనని, ఇంకో ఆపరేటర్ లేడని అతని వాదన. రోజూ పొద్దుగూకే ముందు వైర్‌లెస్ సెట్‌లో పిలిచేదాన్ని.

"కట్టు ఉన్నదా? ఓవర్."

"ఉన్నది మేడం. ఓవర్."

"అబద్ధం. ఓవర్."

గరగర. తర్వాత: "కట్టుంటే బటన్ వత్తనీకి రాదు మేడం. తిట్టున్రి గానీ, జర ఎక్కువసేపు తిట్టున్రి. ఈడ ఎవరూ మాట్లాడరు. ఓవర్."

తిట్టాను. చీకటి పడేదాకా తిట్టాను. నాకూ అక్కడ ఎవరూ మాట్లాడేవాళ్ళు లేరు.

అతను గుట్ట దిగివచ్చేసరికి ఆ వేళ్ళ సందులో మచ్చ ఎర్రగా, తాడులా లేచింది. బొటనవేలు చూపుడువేలికి అతుక్కున్నట్టు వంగింది. పెద్ద ఆసుపత్రికి జీపులో పంపాను. ఆ సాయంత్రం సెట్‌లో అతని బదులు తెప్పించిన ఆపరేటర్ గొంతు హిందీలో వాతావరణం చెప్పింది. సెట్ ఆపి, గుడారంలోకి వెళ్ళాను.

తొలకరికి ముందు గుడారాలు ఎత్తేశాం. కొన్నేళ్ళకు నేను ఉద్యోగం వదిలి రామన్నపేట వచ్చేశాను. ఒక ఉదయం పోచంపల్లి బస్సెక్కాను.

ఇల్లు దొరికింది. ఆపరేషన్ చేశారట, వేలు సగమే తెరుచుకుంది. చట్రానికి సాగదీసిన నూలు ముందు కూర్చుని ఉన్నాడు. కట్టుదారం ఒక కొస ఎడమచేతిలో, రెండో కొస పళ్ళ మధ్య. మెడ పక్కకు గుంజి ముడి బిగిస్తున్నాడు.

"నొస్తాందా?" అన్నాను.

పైకి చూశాడు. గుర్తుపట్టాడు. నోట్లో దారం ఉంది. వదిలితే ముడి జారుతుంది. వదల్లేదు.